ఆదివారం బడిలో పిల్లలుండరు: ఉద్యోగం మారి టీచర్లయ్యేవాళ్లకు సగం ఆన్‌లైన్, సగం తరగతి శిక్షణ ఎలా పెట్టాలి?

ఏప్రిల్ వచ్చిందంటే నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. "మేడం, బ్యాంకు ఉద్యోగం మానేసి టీచర్ అవుదామనుకుంటున్నాను, ఆన్‌లైన్లో ఏదైనా కోర్సుందా?" అనేది ఒకటి. రెండోది స్కూలు కరస్పాండెంట్ల నుంచి వస్తుంది. "మేడం, రొయ్యపిల్లల హేచరీలో ఐదేళ్లు చేసిన ఎమ్మెస్సీ అబ్బాయి దొరికాడు. సబ్జెక్టు బ్రహ్మాండం. క్లాసులో మాత్రం నిలబడలేకపోతున్నాడు. ఇలాంటివాళ్లను పోగేసి ట్రైనింగ్ ఏదైనా పెడదామా? సగం ఆన్‌లైన్, సగం ఇక్కడ."

ఇది ఆ రెండో ఫోన్ చేసేవాళ్ల కోసం రాస్తున్నాను. స్కూలు యాజమాన్యాలు, బీఈడీ కాలేజీల లెక్చరర్లు, ఊళ్లో ఏదో ఒకటి చేద్దామనుకునే ట్రస్టులవాళ్లు. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఇలా దారి మార్చుకుని వచ్చేవాళ్లు ఒక రకం మనుషులు కారు. రొయ్యల మేత కంపెనీల టెక్నీషియన్లు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల అకౌంటెంట్లు, కరోనా టైంలో ఇంటికొచ్చి ఇక్కడే ఉండిపోయిన సాఫ్ట్‌వేర్ వాళ్లు, పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ బయటికి రావాలనుకునే ఎమ్మెస్సీ, ఎంఏ చదివిన గృహిణులు. వీళ్లందరికీ ఒకే టైంటేబుల్ వేయబోతేనే అసలు గొడవ మొదలవుతుంది.

అందరూ ముందు యాప్ సంగతే అడుగుతారు: జూమా, గూగుల్ మీటా అని. అది చివర్లో చూసుకోవచ్చు. ముందు గోడ మీద క్యాలెండర్ తీసి బల్ల మీద పరుచుకోండి.

ఎంచుకునే ముందు ఏం చూడాలి

అన్నిటికంటే పైన నేను పెట్టేది ఒకటే: శిక్షణకు వచ్చినవాళ్లకు ఖాళీ ఉన్నప్పుడు, బడిలో పిల్లలు ఉంటారా? వినడానికి మామూలు ప్రశ్నే. కానీ పెద్దవాళ్లకు వీలైన రోజులన్నీ, ఆదివారాలు, దసరా, సంక్రాంతి, ఎండాకాలం, బడికి తాళం పడే రోజులే. ఈ ఒక్క చిక్కును ఎలా విప్పుతారన్న దాన్ని బట్టే మీ కార్యక్రమం నిలబడుతుంది.

రెండోది, ఫీడ్‌బ్యాక్‌కు పట్టే సమయం. మైక్రో టీచింగ్, అంటే ఒక్కో నైపుణ్యం మీద చిన్న పాఠం చెప్పి, తప్పులు దిద్దుకుని మళ్లీ చెప్పే సాధన, మన బీఈడీ కాలేజీలన్నిటికీ తెలిసిందే. ఎన్‌సీఈఆర్‌టీ చెప్పిన లెక్కలో ఒక్కొక్కరికి 6 నిమిషాల బోధన, 6 నిమిషాల ఫీడ్‌బ్యాక్, 12 నిమిషాలు పాఠాన్ని సరిదిద్దుకోవడం, మళ్లీ 6 నిమిషాల బోధన, మళ్లీ 6 నిమిషాల ఫీడ్‌బ్యాక్. మొత్తం 36 నిమిషాలు. 30 మంది బ్యాచ్ అయితే ఒకే ఒక్క నైపుణ్యానికి, ప్రశ్నలు అడగడమో బోర్డు వాడటమో, 18 గంటలు కావాలి. ఐదు గదుల్లో ఆరేసి మందిని కూర్చోబెట్టి, ఐదుగురు అనుభవజ్ఞులను పెట్టుకుంటే అదే పని మూడున్నర గంటల పైచిలుకులో అయిపోతుంది. కాబట్టి మీకు ఎంత మంది సీనియర్ టీచర్లు దొరుకుతారో తేలాకే సీట్ల సంఖ్య రాసుకోండి. కరపత్రంలో "60 సీట్లు" అని వేసి, ఆ తర్వాత మనుషుల కోసం వెతికితే మిగిలేది ఉపన్యాసమే.

మూడోది సర్టిఫికెట్. ఇక్కడ మొహమాటపడకూడదు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా చెప్పేవాళ్లకు విద్యాహక్కు చట్టం ప్రకారం కనీస అర్హతలు ఉండాలి, ప్రైవేటు బడులకూ అది వర్తిస్తుంది. పూర్తిగా ఆన్‌లైన్లో చేసే బీఈడీకి, టీచర్ కోర్సులను గుర్తించే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ గుర్తింపు లేదు. ఇగ్నో దూరవిద్య బీఈడీ ఉంది కదా అంటారు. అది ఇప్పటికే శిక్షణ పొంది ఎలిమెంటరీ బడుల్లో పని చేస్తున్నవాళ్లకో, ఎన్‌సీటీఈ గుర్తింపున్న కోర్సు ఒకటి నేరుగా తరగతులకు వెళ్లి పూర్తి చేసినవాళ్లకో మాత్రమే. బ్యాంకు నుంచి నేరుగా వచ్చేవాళ్లకు ఆ తలుపు తెరుచుకోదు. ఇంకోటి: 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బీఈడీతో ప్రైమరీ టీచర్ పోస్టుకు అర్హత లేదు, ప్రైమరీ టీచర్ల రెండేళ్ల డిప్లొమా డీఎల్ఈడీ కావాలి. చిన్నపిల్లలకు చెప్పాలని ఆశపడి వచ్చే గృహిణులు చాలామందికి ఈ సంగతి తెలియదు. చేరేముందే చెప్పండి.

ఇక దారి, సిగ్నల్, డబ్బు. ఉదయగిరి నుంచి నెల్లూరుకు, మార్కాపురం నుంచి ఒంగోలుకు దాదాపు వంద కిలోమీటర్లు. నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండులో దిగేసరికే సగం ఓపిక అయిపోతుంది. గంట లైవ్ క్లాసు వీడియోతో చూస్తే అర జీబీ నుంచి జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకేజీ వేయించుకున్న ఇంట్లో అదే ఫోను మీద పిల్లాడి హోంవర్కు కూడా ఉంటుంది.

మొదటి పద్ధతి: రోజూ కాలేజీ, ఆన్‌లైన్ తోడు

మామూలు బీఈడీయే ఇది. రెండేళ్లు, ఏడాదికి 200 పనిదినాలు. 2014 ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు: మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు.

కాలేజీవాళ్లు ఇందులో "బ్లెండెడ్" అంటూ చేయగలిగింది తక్కువే, కానీ ఆ తక్కువను బాగా చేయొచ్చు. థియరీలో కొంత భాగం రికార్డు చేసి ఇవ్వండి. కేంద్రం నడిపే ఆన్‌లైన్ వేదిక "స్వయం"లోని కోర్సులను కలుపుకోవాలంటే క్రెడిట్ల విషయంలో యూనివర్సిటీ ఏమంటుందో, అంటే నెల్లూరు వైపు విక్రమ సింహపురి, ఒంగోలు వైపు ఆంధ్రకేసరి, ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. అలా మిగిలిన గంటల్ని మైక్రో టీచింగ్‌కు, ప్రాక్టీసుకు ఇవ్వండి. హాజరు తగ్గించుకోవడానికి ఆన్‌లైన్‌ను అడ్డం పెట్టుకోవడం మాత్రం వద్దు. ఫీజు కట్టి పరీక్షకు వస్తే చాలనే బేరాలు ఎక్కడెక్కడ నడుస్తాయో ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు. ఉద్యోగం మారేవాళ్లకు అలాంటి బేరం వల్ల జరిగే నష్టం మిగతావాళ్ల కంటే ఎక్కువ. వాళ్లకు కావలసింది సరిగ్గా ఆ ఇరవై వారాలే.

పాత ఉద్యోగం వదిలేయగలిగినవాళ్లకు, డీఎస్సీ రాయాలనుకునేవాళ్లకు ఇదే దారి. రెండేళ్లు జీతం లేకుండా ఇల్లు నడవాలి. అదొక్కటే అడ్డు, అది చాలా పెద్ద అడ్డు.

రెండో పద్ధతి: ఆదివారం తరగతి, రాత్రి ఆన్‌లైన్

అందరికీ ముందు తట్టేది ఇదే. మాకూ ఇదే తట్టింది.

మా మొదటి బ్యాచ్‌ను ఒక స్కూలు భవనంలో ఆదివారం ఆదివారం నడిపాం. వారంలో రెండు రాత్రులు ఎనిమిదిన్నర నుంచి పది దాకా లైవ్ క్లాసు. హాజరు బాగానే ఉండేది, చర్చలు బ్రహ్మాండంగా నడిచేవి. ఒకరు పాఠం చెబుతుంటే మిగిలిన పెద్దలు ఏడో తరగతి పిల్లల్లా కూర్చునేవాళ్లు. అడిగిన ప్రశ్నకు చక్కగా చెయ్యెత్తి, సరైన జవాబు చెప్పేవాళ్లు. ఐదు నెలలు అయ్యాక ఒక సోమవారం పొద్దున బ్యాంకు నుంచి వచ్చిన ఆయన్ను అసలైన ఏడో తరగతిలో నిలబెట్టాం. సాధారణ వడ్డీ పాఠం. ఆయనకంటే బాగా ఆ పాఠం ఎవరు చెప్పగలరు? మూడో నిమిషంలో వెనక బెంచీ నుంచి "సార్, వీడు నా పెన్ను తీసుకున్నాడు" అని ఒకడు లేచాడు. ఇంకొకడు నీళ్లు తాగొస్తానన్నాడు. ఆ పిల్లాడికి ఏం చెప్పాలో తెలియక ఆయన బోర్డు వైపు తిరిగి, పీరియడ్ అయ్యేదాకా మళ్లీ ఇటు తిరగలేదు. తప్పు ఆయనది కాదు, మాది. ఐదు నెలలూ ఆయనకు ఒక్క పిల్లాడిని కూడా చూపించలేదు మేము.

రాత్రి క్లాసుల సంగతి వేరు. చెరువుల మీద పనిచేసేవాళ్లకు రాత్రి ఖాళీ అనుకోవడం మన అమాయకత్వం. ఏరియేటర్లు తిరిగేది రాత్రే, ఆక్సిజన్ పడిపోతుందేమోనన్న టెన్షన్ తెల్లవారుజామునే. "మేడం, చెరువు కాడ సిగ్నల్ ఉండదు, గట్టెక్కితే దోమలు" అని ఒకబ్బాయి మెసేజ్ పెట్టాడు. అప్పటినుంచి లైవ్ క్లాసు తగ్గించి, పది నిమిషాల ఆడియోలు వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టాం. అవి మోటారు సైకిల్ మీద వెళ్తూ కూడా వింటారు. వినమని నేను చెప్పలేదు, వింటున్నారని తర్వాత తెలిసింది.

ఈ పద్ధతిని పూర్తిగా కొట్టేయను. థియరీ, టెట్ తయారీ, లెసన్ ప్లాన్ రాయడం వరకు బాగా పనికొస్తుంది. టెట్‌లో 150 మార్కులకు ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 రావాలి. ఆ చదువుకు ఆదివారం చాలు. క్లాసు నడపడం మాత్రం ఆదివారం రాదు.

మూడో పద్ధతి: సెలవుల్లో విడతలు

దసరాకు ఒక వారం, సంక్రాంతి ముందూ వెనకా నాలుగు రోజులు, మేలో మూడు వారాలు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తరగతి. మధ్యలో ఆన్‌లైన్. కనిగిరి, గిద్దలూరు, రాపూరు లాంటి దూరపు ఊళ్లవాళ్లకు వారం వారం బస్సు బాధ తప్పుతుంది, ఒకేచోట ఉంటారు, స్నేహాలు కుదురుతాయి. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఇంకా ఉద్యోగంలో ఉండి సెలవు పెట్టి వచ్చేవాళ్లకు కూడా వీలు.

చిక్కు మళ్లీ అదే: బడులు మూసి ఉంటాయి. దానికి కాస్త తెలివిగా ఆలోచిస్తే రెండు సందులు కనిపిస్తాయి. ఒకటి, బళ్లు తెరిచే జూన్ 12 తర్వాతి పది రోజులు. ఆ పది రోజుల్లో ఒక సీనియర్ టీచర్ క్లాసును ఎలా అదుపులోకి తెచ్చుకుంటారో, పేర్లు ఎలా గుర్తుపెట్టుకుంటారో చూడటం కంటే మంచి పాఠం లేదు. మే విడతను జూన్‌లోకి జరపండి. రెండోది, మార్చి మధ్యలో మొదలయ్యే ఒంటిపూట బడులు. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా పిల్లలు ఇంటికి పోతారు. మధ్యాహ్నం షిఫ్టు ఉన్నవాళ్లు పొద్దున బడి చూసి, తర్వాత పనికి వెళ్లొచ్చు. కాకపోతే అప్పటికి కొత్త పాఠాలు అయిపోయి రివిజన్ నడుస్తుంటుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం ఏ విడతా పక్కాగా పెట్టుకోకండి. నెల్లూరు తీరానికి అసలు వాన అప్పుడే. తుపాను హెచ్చరిక వచ్చిందంటే బడీ ఉండదు, కరెంటూ ఉండదు, లైవ్ క్లాసూ ఉండదు. దసరా విడత పెడితే దాని వెనక ఖాళీ వారం ఒకటి ఉంచుకోండి.

నాలుగో పద్ధతి: బడిలోనే పని, సాయంత్రం చదువు

స్కూలువాళ్లు శిక్షణార్థిని అసిస్టెంటుగా తీసుకుని, కొంత స్టైపెండ్ ఇచ్చి, ఒక మెంటర్ టీచర్ పక్కన పెడతారు. మొదట చూడటం, తర్వాత పీరియడ్‌లో పది నిమిషాలు, తర్వాత సగం, తర్వాత మొత్తం. థియరీ సాయంత్రం ఆన్‌లైన్లో, రికార్డు చేసినవే ఎక్కువ. పదిహేను రోజులకోసారి అందరూ ఒకచోట.

నేర్చుకునే విషయంలో దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. ఒక్క వారంలో అరవై పిల్లల గొంతులు చెవిలో పడతాయి, ఏది అల్లరి, ఏది ఆసక్తి అన్నది తేడా తెలుస్తుంది. కానీ దీన్ని చెడగొట్టడం కూడా చాలా తేలిక. ఎవరైనా టీచర్ సెలవు పెడితే అసిస్టెంటును ఆ క్లాసులోకి తోసేస్తారు. నెల తిరిగేసరికి ఆయన తక్కువ జీతానికి దొరికిన ఫుల్‌టైమ్ టీచర్ అయిపోతాడు, శిక్షణ కాగితం మీద మిగులుతుంది. నేను చూసిన ఒక బడిలో మెంటర్ టీచర్‌కు వారానికి ఒక్క పీరియడ్ కూడా తగ్గించలేదు. పాపం ఆవిడ మాత్రం ఎప్పుడు కూర్చుని మాట్లాడుతుంది?

ఇంకో సంగతి: ఇది సొంతంగా బీఈడీకి సమానం కాదు. బీఈడీ అయిపోయి అనుభవం లేనివాళ్లకో, సీటు రావడానికి ముందు ఏడాది "అసలు ఈ పని నాకు సరిపడుతుందా" అని చూసుకునేవాళ్లకో పెట్టాలి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| ఏం చూడాలి | రోజూ కాలేజీ | ఆదివారం, రాత్రి | సెలవుల విడతలు | బడిలోనే పని |
|---|---|---|---|---|
| అసలు పిల్లలతో పీరియడ్లు | 20 వారాల ఇంటర్న్‌షిప్‌లో | దాదాపు సున్నా | జూన్‌లో, ఒంటిపూట బడుల్లో మాత్రమే | రోజూ |
| పాత ఉద్యోగం | వదిలేయాలి | ఉంచుకోవచ్చు | సెలవు దొరికితే ఉంచుకోవచ్చు | వదిలేయాలి, కొంత స్టైపెండ్ |
| దూరపు ఊళ్లవాళ్లకు | హాస్టల్ కావాలి | వారం వారం బస్సు | అన్నిటికంటే మేలు | ఊరి బడే దొరికితే ఇబ్బంది లేదు |
| గుర్తింపు | ఉంది | విడిగా లేదు | విడిగా లేదు | విడిగా లేదు |
| నడిపేవాళ్లకు బరువు | నిబంధనల పని | తక్కువ | వసతి, భోజనం | మెంటర్ల సమయం |

గుర్తింపు గడిలో "లేదు" అని మూడుసార్లు రాయడం కరస్పాండెంట్లకు నచ్చదు. కేంద్ర ఓపెన్ స్కూలు సంస్థ ఎన్‌ఐఓఎస్ కథ గుర్తుంచుకోండి. 2017 నుంచి 2019 దాకా, శిక్షణ లేకుండా బడుల్లో పనిచేస్తున్న 12 లక్షల మందికి పైగా టీచర్ల కోసం స్వయం వీడియోలు, స్టడీ సెంటర్లలో తరగతులు కలిపి 18 నెలల డీఎల్ఈడీ నడిపారు. దేశంలో ఆన్‌లైన్, తరగతి కలిపి నడిపిన టీచర్ శిక్షణల్లో అంత పెద్దవి అరుదు. అయినా కొత్త నియామకాల దగ్గరికొచ్చేసరికి అది రెండేళ్ల డీఎల్ఈడీకి సమానమా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేంద్రమే నడిపిన కోర్సుకే ఆ తిప్పలు వస్తే, మన ఊళ్లో అచ్చు వేయించిన సర్టిఫికెట్ మీద ఏం రాయాలో ఆలోచించుకోండి. "అనుభవ పత్రం" అంటే చాలు.

ఎవరికి ఏది

శనివారం సెలవున్న సాఫ్ట్‌వేర్ వాళ్లకు దారి సులువు, ఎందుకంటే శనివారం బడి ఉంటుంది. బ్యాంకువాళ్లకు 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు. రెండో శనివారం చాలా బడులకూ సెలవే కాబట్టి, బ్యాంకు మూసి బడి తెరిచి ఉండేది నెల మొత్తంలో ఆ నాలుగో శనివారం ఒక్కటే. మా ఇప్పటి కార్యక్రమం ఆ రోజు చుట్టూనే తిరుగుతుంది: ప్రతి నాలుగో శనివారం ప్రతి ఒక్కరూ ఒక పూర్తి పీరియడ్ చెప్పాలి, ఒకటి చూడాలి, సాయంత్రం ఆ రెంటి గురించి మాట్లాడుకోవాలి. ప్రభుత్వ బడుల్లో 2025-26 నుంచి శనివారం నో బ్యాగ్ డే, పిల్లలు పుస్తకాల సంచీ తేని రోజు. మామూలు పీరియడ్ దొరకదని బాధపడక్కర్లేదు. హేచరీ అబ్బాయి మైక్రోస్కోపు, ఉప్పుశాతం కొలిచే పరికరం పట్టుకుపోతే ఆ రోజు ఆయనదే రాజ్యం. పాత ఉద్యోగంలోని జ్ఞానం పిల్లల ముందు పనికొస్తుందని ఒకసారి తెలిస్తే ఆ మనిషి నిలబడే తీరే మారిపోతుంది.

గృహిణులకు ఆదివారం పెట్టేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఇంటినిండా జనం, పని ఉండేది ఆదివారమే. వాళ్లకు ఖాళీ దొరికేది పిల్లలు బడికెళ్లాక, పది నుంచి మూడు. అంటే సరిగ్గా బడి నడిచే వేళ. వాళ్లకు నాలుగో పద్ధతిని సగం రోజుకు కుదించి, ఇంటికి దగ్గరి బడిలో పెట్టండి. ఆన్‌లైన్ భాగం రికార్డు చేసి ఇవ్వండి, ఎప్పుడు చూడాలో వాళ్లే చూసుకుంటారు. ప్రైమరీ మీద మనసున్నవాళ్లకు డీఎల్ఈడీ ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ గురించి చెప్పి, ప్రభుత్వ టీచర్ శిక్షణ సంస్థలైన డైట్‌లకు, నెల్లూరువాళ్లను పల్లెపాడుకు, ఒంగోలువాళ్లను మైనంపాడుకు, వెళ్లి కనుక్కోమనండి.

చెరువుల మీద, ఫ్యాక్టరీల్లో షిఫ్టుల్లో ఉన్నవాళ్లకు లైవ్ క్లాసు వద్దే వద్దు. ఆడియో, చిన్న వీడియోలు, జూన్ విడత, ఒంటిపూట బడులు. రొయ్యల పంట నాలుగు నెలల లోపే పట్టుబడికి వస్తుంది. పట్టుబడి అయ్యాక చెరువు ఎండబెట్టే రోజుల్లో ఆ అబ్బాయిని వరసగా పది రోజులు బడికి పంపండి. ఆ తేదీ ఆయన్నే అడిగి వేసుకోవాలి, అందరికీ ఒకటే తేదీ కుదరదు.

డీఎస్సీయే లక్ష్యమైతే ఈ చర్చంతా పక్కన పెట్టి మొదటి పద్ధతిలో చేర్పించండి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడేసరికి పాత ఉద్యోగాలు వదిలేసి వచ్చినవాళ్లు నాకు తెలుసు. వాళ్లకు కావలసింది గుర్తింపున్న డిగ్రీ, టెట్ స్కోరు. మన వారాంతపు కార్యక్రమం వాళ్లకు ఆ తర్వాత, బడిలో చేరాక పనికొస్తుంది.

ఆన్‌లైన్లో ఏం పెట్టాలి

చెప్పేది, వినేది ఆన్‌లైన్. చేసేది, చేసినదాన్ని చూసి ఎవరో ఒకరు మాట్లాడేది ఎదురెదురుగా. ఈ గీత ఒకటి గీసుకుంటే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. పిల్లల మనస్తత్వం, మూల్యాంకనం, పాఠ్యపుస్తకాల పరిచయం లాంటివి కేంద్ర విద్యాశాఖ పాఠాల యాప్ "దీక్ష"లో సిద్ధంగా ఉన్నాయి, మళ్లీ రికార్డు చేయించి డబ్బు తగలేయకండి. మీరు రికార్డు చేయవలసింది మీ బడిలోని మంచి టీచర్ పీరియడ్‌ను. ఫోన్ వెనక బెంచీలో పెట్టండి, పిల్లల ముఖాలు పడకుండా. ఆ పదిహేను నిమిషాలు చూశాక "ఇక్కడ ఆవిడ ఎందుకు ఆగింది?" అన్న ఒక్క ప్రశ్న గ్రూపులో వేస్తే, రాత్రంతా మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి.

ఖర్చులో మొదటి పద్దు మెంటర్ టీచర్లది రాయండి. వారానికి రెండు పీరియడ్లు తగ్గింపు, నెలకు కొంత గౌరవ వేతనం. యాజమాన్యం దీనికి ఒప్పుకోకపోతే నేను ఆ బడిలో కార్యక్రమం మొదలుపెట్టను. కిందటేడు ఇద్దరు కరస్పాండెంట్లు ఈ మాట మీదే వెనక్కి తగ్గారు. మూడో ఆయన ఒప్పుకున్నారు, జూన్ 12న మొదలవుతుంది.